ఎల్లుండే సీక్యూసీ ఇన్‌స్పెక్షన్, మార్ షీట్‌లో ఖాళీలున్నాయి, ఏం చేయాలి?

ఐదుగదుల_ఇల్లు:

నమస్తే అందరికీ, కొంచెం అర్జెంట్, అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా చూస్తే చెప్పండి ప్లీజ్. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న కేర్ హోమ్‌లో సీనియర్‌ని, లెర్నింగ్ డిసెబిలిటీ ఉన్న పెద్దవాళ్ళు ఐదుగురు ఉంటారు, బయట నుంచి చూస్తే ఆ వీధిలో మిగతా ఇళ్ళలాంటి ఇల్లే, బోర్డు కూడా ఉండదు. మా మేనేజర్ రెండు నెలల కింద మానేసింది, కొత్తావిడ వచ్చే నెల గానీ చేరదు, ఈలోపు నువ్వే చూసుకో అని మొత్తం నా నెత్తిన పెట్టారు, జీతం మాత్రం పాతదే. ఇవాళ మధ్యాహ్నం సీక్యూసీ (ఇక్కడ కేర్ హోములని తనిఖీ చేసి రేటింగ్ ఇచ్చే సంస్థ) ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి ఎల్లుండి పొద్దున వస్తున్నానంది. చిన్న హోమ్ కదా, చెప్పకుండా వస్తే అందరూ బయటికెళ్ళి ఉంటారు, కొత్త మనిషిని చూసి కంగారుపడేవాళ్ళూ ఉంటారు, అందుకే ముందే చెప్తున్నా అంది. మాట మర్యాదగానే ఉంది కానీ ఫోన్ పెట్టేశాక నా చేతులు వణికాయి.

సాయంత్రం ఫైళ్ళు ముందేసుకుని కూర్చున్నా. రెండు కేర్ ప్లాన్లకి రివ్యూ డేట్ దాటిపోయింది, సూపర్‌విజన్లు మేనేజర్ వెళ్ళినప్పటి నుంచి జరగలేదు, ఫైర్ డ్రిల్ అన్నీ పగలు చేసినవే, నైట్ స్టాఫ్‌తో చేసింది ఒక్కటీ లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఈ నెల మార్ షీట్‌లో, అంటే మందు ఇచ్చిన ప్రతిసారీ సంతకం పెట్టే చార్ట్‌లో, ఒకాయన ఫిట్స్ మాత్రల దగ్గర మూడు రాత్రులు సంతకం లేదు, ఇవ్వకపోతే ఎందుకో తెలిపే కోడ్ కూడా లేదు, గళ్ళు తెల్లగా ఉన్నాయి. ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో చూసి వాళ్ళతో ఇప్పుడు సంతకాలు పెట్టించేయ్, ఇచ్చే ఉంటారు, రాయడం మర్చిపోయుంటారు, దీనికింత రాద్ధాంతమా అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. మా దగ్గర ఒకతను కొత్తవాళ్ళు వస్తే గట్టిగా అరుస్తాడు, ఒక్కోసారి తల గోడకి కొట్టుకుంటాడు, అతన్ని ఆ రోజు స్టాఫ్‌ని తోడిచ్చి సముద్రం దాకా తిప్పుకురమ్మన్నారు.

సంతకాల సంగతి ఏం చేయాలి, అతన్ని బయటికి పంపడం తప్పా, అసలు వాళ్ళు ఏం చూస్తారు, ఈ ఒకటిన్నర రోజులో దేని మీద టైమ్ పెడితే పనికొస్తుంది? హాల్లో గోడకి పెయింట్ పెచ్చులూడింది, రేపు మనిషిని పిలవనా? నా వీసా స్పాన్సర్ ఈ ఓనరే, అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

నాలుగు_ఇన్‌స్పెక్షన్లు:

చెల్లీ, ముందు కాసిని మంచినీళ్ళు తాగు. నేను ఆరు బెడ్ల హోమ్‌కి రిజిస్టర్డ్ మేనేజర్‌ని, నాలుగు ఇన్‌స్పెక్షన్లు చూశా, ఒకదాంట్లో రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్ (ఇంకా బాగుపడాలి అనే రేటింగ్) తెచ్చుకుని వారం రోజులు నిద్రపోలేదు, కాబట్టి నీ వణుకు నాకు తెలుసు.

పెయింట్ వద్దు. తలుపు తీయగానే తడి పెయింట్ వాసన వస్తే ఎందుకు వేశారో ఆవిడకి తెలియదా, పైగా ఆ వాసన పడక మీవాళ్ళకి రోజంతా చిరాకు.

సంతకాలు మాత్రం వెనక్కెళ్ళి పెట్టొద్దు, ఎవర్నీ పెట్టనివ్వొద్దు. ఖాళీ గడి పొరపాటు, ఇప్పుడు పెట్టే సంతకం దొంగ రికార్డు, రెండూ ఒకటి కాదు. వాళ్ళు మార్ షీట్ ఒక్కదాన్నే చూడరు, పక్కన రోటా (ఏ రోజు ఎవరి డ్యూటీయో ఉండే షీట్) పెట్టుకుంటారు, డైలీ నోట్స్ పెట్టుకుంటారు. నాకు తెలిసిన ఒక హోమ్‌లో ఇలాగే నింపేశారు, తీరా చూస్తే ఒక రాత్రి సంతకం పెట్టినావిడ ఆ వారమంతా యాన్యువల్ లీవులో ఉంది. అది దొరికాక ఆ ఇంట్లో మిగతా ఫైళ్ళు ఎంత బాగున్నా ఎవరు నమ్ముతారు చెప్పు.

ఇప్పుడే వెళ్ళి ఆయన బ్లిస్టర్ ప్యాక్ తీసి వెలుతురులో పెట్టి చూడు, ఆ మూడు తేదీల గుంటలు పగిలాయా లేదా. డబ్బా మాత్రలైతే లెక్కపెట్టు, వచ్చినవెన్ని, ఇచ్చినట్టు రాసినవెన్ని, మిగలాల్సినవెన్ని. మాత్ర లేదు, సంతకమూ లేదు అంటే చాలావరకు రాయడం మర్చిపోయారని, మాత్ర అక్కడే ఉందంటే డోస్ తప్పిందని. ఫిట్స్ మందు కాబట్టి తప్పిందని తేలితే ఇంకాసేపాగి చూద్దాం అనుకోకుండా ఫార్మసిస్ట్‌కో జీపీకో (ఫ్యామిలీ డాక్టర్) 111కో (ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యి, తప్పింది కదా అని ఇవాళ రెండు కలిపి ఇచ్చేయొద్దు, వాళ్ళేం చెప్పారో ఎవరు చెప్పారో ఎన్నింటికో రాయి. ఫిట్స్ వస్తే రాసే సీజర్ చార్ట్‌లో ఆ రోజులు చూడు. ఇన్సిడెంట్ ఫామ్ మీద ఇవాళ్టి తేదీయే వెయ్యి, ఎప్పుడు బయటపడిందో అలాగే రాయి. ఆయన ఇంటివాళ్ళకి చెప్పు. మందు తప్పిన ప్రతిసారీ సీక్యూసీకి నోటిఫికేషన్ పంపక్కర్లేదు, దానివల్ల మనిషికి హాని జరిగినా, అబ్యూజ్ అనుమానం ఉన్నా అప్పుడు తప్పదు. కౌన్సిల్ సేఫ్‌గార్డింగ్ టీమ్‌కి చెప్పాలా వద్దా అనేది రేపు పొద్దున వాళ్ళకే ఫోన్ చేసి అడుగు, అడిగినట్టు రాసుకో.

ఒక విషయం గమనించు, ఆ మూడు ఖాళీల కంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. మొదటి రాత్రి గడి ఖాళీగా ఉంటే మర్నాడు పొద్దున షీట్ తెరిచినవాళ్ళకి కనపడాలి కదా, ఎందుకు కనపడలేదు, వారం ఆడిట్ ఎవరు చేస్తున్నారు? మందులు రెగ్యులేషన్ 12 కిందకి వస్తాయి, ఇది ఎవరూ చూడకపోవడం రెగ్యులేషన్ 17 కిందకి వస్తుంది, గవర్నెన్స్ అంటారు, చిన్న హోముల్లో ఎక్కువమంది జారిపడేది అక్కడే. ఆవిడ వచ్చిన అరగంటలో నువ్వే చెప్పేయ్, ఇలా జరిగింది, ఇలా కనిపెట్టా, ఇది చేశా, ఇక నుంచి షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరం షీట్ చూస్తున్నాం అని. నిజంగా చూస్తుంటేనే చెప్పు, స్టాఫ్‌ని విడిగా పిలిచి అడుగుతారు.

సముద్రం సంగతి. అది అతని ఇల్లు తల్లీ. అతనికి ఆ రోజు మామూలుగా ఏ ప్లాన్ ఉంటే అదే చేయనీ. ఇన్‌స్పెక్టర్‌కి మెయిల్ పెట్టి ఫోటో ఒకటి పంపమను, పెద్ద అక్షరాలతో బొమ్మలతో ఒక పేజీ చెయ్యి, ఈవిడ గురువారం మనింటికి వస్తుంది, మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది అని, రేపటి నుంచే చూపించు, వచ్చేటప్పుడు ఎలా పలకరించాలో, ఎంత దూరంలో నిలబడాలో ఆవిడకీ ముందే చెప్పు. అయినా అరిస్తే అరవనీ, అప్పుడు మీరేం చేస్తారన్నదే కదా ఆవిడ చూడాల్సింది. అరిచే మనిషిని దాచేశారని తెలిస్తే మాత్రం ఇంకేం దాచారో అని మొదలవుతుంది.

ఏం చూస్తారంటే, సేఫ్, ఎఫెక్టివ్, కేరింగ్, రెస్పాన్సివ్, వెల్ లెడ్, ఈ ఐదు ప్రశ్నలే ఎప్పుడూ. 2023 చివర్లో వీటి కింద 34 క్వాలిటీ స్టేట్‌మెంట్స్ తెచ్చారు, పేర్లు మారుస్తూనే ఉంటారు, అవి బట్టీ పట్టక్కర్లేదు. మనలాంటి హోములకి అదనంగా రైట్ సపోర్ట్, రైట్ కేర్, రైట్ కల్చర్ అని ఒక గైడెన్స్ ఉంది, పది పేజీలు చదవాలంటే ఇవాళ రాత్రి అదొక్కటి చదువు. సారాంశం చెప్పాలంటే ఇక్కడ ఉండేవాళ్ళు మన వయసువాళ్ళు బతికినట్టు బతుకుతున్నారా, లేక మన షిఫ్టులకి తగ్గట్టు లేచి తిని పడుకుంటున్నారా అని.

బిల్డింగ్‌లో రేపు ఒక రౌండ్ వెయ్యి. ఫైర్ డోర్ల కింద చెక్కముక్కలు పెట్టి ఆపారేమో, పై అంతస్తు కిటికీ 100 మిల్లీమీటర్లకి మించి తెరుచుకుంటోందేమో, బాత్ నీళ్ళు 44 డిగ్రీలు దాటుతున్నాయేమో, థర్మామీటర్ పనిచేస్తోందా, క్లీనింగ్ లిక్విడ్లు తాళంలో ఉన్నాయా, మందుల ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది మధ్య ఉందా, క్రీములు, చుక్కల మందుల మీద తెరిచిన తేదీ ఉందా. ఫైర్ డ్రిల్ రేపే చెయ్యొచ్చు, రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉంటారో అంతమందితోనే, మిగతావాళ్ళు పక్కన నిలబడి టైమ్ చూడాలి. ఒక్కరే నైట్ చేసే ఇంట్లో ఐదుగురిని ఎలా బయటికి తెస్తారో ఒక్కొక్కరి పీప్‌లో (మంటలొస్తే ఆ మనిషిని బయటికి తెచ్చే ప్లాన్) రాసుండాలి, ఆ రాసింది జరిగే పనేనా అని డ్రిల్‌లోనే తెలుస్తుంది. మాది ఒకసారి చేస్తే ఒకావిడ చెప్పులు లేకుండా కదలనని మంచం మీద కూర్చుండిపోయింది, అప్పటి నుంచి ఆవిడ మంచం పక్కన చెప్పులు ఉంచాలని పీప్‌లో రాశాం.

కేర్ ప్లాన్ రివ్యూలు ఒక్క రాత్రిలో డేట్లు మార్చేసి మమ అనిపించకు, ఎవరికి రిస్క్ ఎక్కువో ఆ ఒక్కటి సరిగ్గా చెయ్యి, మిగతాది ఎప్పటికి చేస్తావో ప్లాన్ రాసిపెట్టు.

పేపర్_పులి:

అక్క చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి కానీ నాకు అంత నమ్మకం లేదండీ. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా, చివరికి కాగితమే మాట్లాడుతుంది. సీక్యూసీ పరిస్థితి వాళ్ళకే బాగాలేదు, 2024లో డాక్టర్ పెన్నీ డాష్ రివ్యూ చదివారా, ఏళ్ళ తరబడి ఇన్‌స్పెక్షన్ లేక పాత రేటింగులు పట్టుకు వేలాడుతున్న చోట్లు ఎన్నో ఉన్నాయని, కొందరు ఇన్‌స్పెక్టర్లకి ఆ రంగం అనుభవమే లేదని రాశారు. అలాంటి మనిషి వస్తే ఎదురెళ్ళి మా దగ్గర ఈ తప్పుందని చెప్పడం కోరి కొరివితో తల గోక్కోవడమే. సంతకాలు ఫోర్జరీ చేయమని నేను అనను. అడిగిందానికి నిజం చెప్పండి, అడగనిది చెప్పకండి, అంతే.

నాలుగు_ఇన్‌స్పెక్షన్లు:

పులిగారూ, అడగనిది చెప్పకపోతే అనే లెక్క మార్ షీట్ విషయంలో కుదరదు, మందుల ఫైల్ అడగని ఇన్‌స్పెక్షన్ నేనైతే చూడలేదు. నాకు రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్ వచ్చింది కూడా తప్పు జరిగినందుకు కాదు, జరిగినట్టు నాకే తెలియనందుకు. డాష్ రివ్యూ విషయం ఒప్పుకుంటా. వచ్చే మనిషిని బట్టి చాలా ఉంటుంది, ఒకాయన మా దగ్గర సగం రోజు లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

నైట్‌షిఫ్ట్_గుడ్లగూబ:

నేను మామూలు సపోర్ట్ వర్కర్‌ని, ఇక్కడ పెద్ద పెద్ద వాళ్ళు రాస్తున్నారు, నా అనుభవం ఒకటి చెప్తా. మా దగ్గర ఇన్‌స్పెక్టర్ పొద్దున ఏడున్నరకే వచ్చాడు హ్యాండోవర్ టైమ్‌కి, నేను పన్నెండు గంటల నైట్ చేసి కళ్ళు మూతలు పడుతుంటే పక్కన కూర్చుని ఒక డబ్బా చూపించి ఇది ఎవరిది, ఎన్ని స్కూపులు అని అడిగాడు. చిక్కదనం కోసం కలిపే థికెనర్ పొడి. రోజూ కలిపేది నేనే, చెయ్యి దానంతటదే చేసేస్తుంది, అడిగేసరికి మాత్రం మైండ్ బ్లాంక్. స్పీచ్ థెరపిస్ట్ రాసిన గైడ్‌లైన్ ఫ్రిజ్ డోర్ మీద ఉంది చూసి చెప్తా అన్నా, లేచి చూపించా, లెవెల్ టూ అని ఉంది, సరేనన్నాడు. తర్వాత మా మేనేజర్ చెప్పింది, గుర్తులేకపోయినా ఎక్కడ చూడాలో తెలుసు అన్నది మంచిదే అన్నాడంట. కాబట్టి స్టాఫ్‌కి ఐదు కీ క్వశ్చన్స్ బట్టీ కొట్టించకండి అక్కా. గొంతుకి అడ్డం పడితే ఏం చేస్తావ్, ఫిట్ ఎన్ని నిమిషాలు దాటితే బక్కల్ మిడజోలం (ఫిట్ ఆపడానికి చెంపలో వేసే మందు) ఇస్తావ్, అది ఎక్కడుంటుంది, నీ సీనియర్ కొట్టడం చూస్తే ఎవరికి చెప్తావ్, ఇలాంటివే అడుగుతారు.

ఇంకోటి, మాట్లాడే తీరు కూడా వింటారు. మా దాంట్లో ఒకడు హాల్లోంచి గట్టిగా, నేను ఇతన్ని ఫీడ్ చేసేశా, నువ్వు ఆమెని టాయిలెట్ చేయించు అని అరిచాడు, ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదే ఉన్నాడు. రిపోర్ట్‌లో డిగ్నిటీ కింద వచ్చింది. మేం చెడ్డవాళ్ళం ఏం కాదు, అలవాటు.

వాడి_అమ్మ:

ఈ గ్రూప్‌లో ఎప్పుడూ రాయను, చదువుతూ ఉంటాను. మా అబ్బాయికి 31, మాటలు రావు, మకటాన్ అనే చేతి సైన్లు ఒక ఇరవై వచ్చు, నాలుగేళ్ళుగా ఇలాంటి చిన్న హోమ్‌లోనే ఉంటున్నాడు. అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను ఏమీ అనుకోకమ్మా.

మీకు గుడ్ రేటింగ్ వస్తే మీకు సంతోషం, నాకు అది చూసి నిద్ర పట్టదు. వోర్ల్టన్ హాల్‌కి కూడా గుడ్ ఉండేది, 2019 మేలో బీబీసీ పనోరమా వాళ్ళు రహస్యంగా తీసిన వీడియో వస్తే కానీ లోపల మనుషుల్ని ఎలా హింసిస్తున్నారో బయటికి రాలేదు. అంతకు ముందు 2011లో వింటర్‌బోర్న్ వ్యూ, అక్కడ పనిచేసిన నర్సు ముందే చెప్పినా సీక్యూసీ పట్టించుకోలేదు, తర్వాత క్షమాపణ చెప్పారు. అవి ఆస్పత్రులు, మీది ఇల్లు, నాకు తేడా తెలుసు. అయినా మాటలు రాని బిడ్డ ఉన్న తల్లికి అవే గుర్తొస్తాయి.

అందుకని నేను వెళ్ళినప్పుడల్లా నా ఇన్‌స్పెక్షన్ నేను చేసుకుంటాను. బాత్‌రూమ్‌లోకెళ్ళి వాడి టూత్ బ్రష్ ముట్టుకుంటాను. ఒకసారి పొద్దున పదిన్నరకి వెళ్తే చార్ట్‌లో ఓరల్ కేర్ అని టిక్ ఉంది, బ్రష్ మాత్రం ఎండిపోయి గరుగ్గా ఉంది, అంచున పాత పేస్ట్ తెల్లగా గట్టిపడి ఉంది. ఎవరి మీదా అరవలేదు. ఆ బ్రష్ తీసుకెళ్ళి ఆఫీస్ టేబుల్ మీద ఆ చార్ట్ పక్కన పెట్టాను, అంతే. తర్వాత సాక్సులు చూస్తాను, వాడివేనా వేరేవాళ్ళవా అని. కడుపు నొక్కి చూస్తాను, మావాళ్ళకి మలబద్ధకం చిన్న విషయం కాదు, దానితో ప్రాణాలు పోయినవాళ్ళున్నారు, బవెల్ చార్ట్‌లో నాలుగు రోజులు ఖాళీ ఉంటే అది రాయడం మర్చిపోయారా లేక నిజంగానే అవ్వలేదా అన్నది మీ మార్ షీట్ ఖాళీ లాంటిదే. ప్రతి ఏడాది జీపీ దగ్గర హెల్త్ చెక్ అయిందా అడుగుతాను, 14 ఏళ్ళు దాటి లెర్నింగ్ డిసెబిలిటీ రిజిస్టర్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ అది ఉంది. ప్రవర్తన కోసం ఇచ్చే మాత్రలు ఎవరు ఎప్పుడు రివ్యూ చేశారో అడుగుతాను. 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ లెక్క ప్రకారం అవసరమైన జబ్బు లేకుండానే అలాంటి మందులు రోజూ మింగుతున్నవాళ్ళు 30,000 నుంచి 35,000 మంది ఉన్నారు, ఆ తర్వాతే 2016లో అలాంటి మందుల అతి వాడకం ఆపడానికి స్టాంప్ (STOMP) అని మొదలుపెట్టారు.

పోయినసారి ఇన్‌స్పెక్షన్‌కి ఎక్స్‌పర్ట్ బై ఎక్స్‌పీరియన్స్ అని, అంటే స్వంత అనుభవంతో ఇన్‌స్పెక్షన్‌కి సాయపడే ఒకావిడ నాకు ఫోన్ చేసింది, ఆవిడ తమ్ముడూ ఇలాంటి హోమ్‌లోనేనట. ముప్పావుగంట మాట్లాడాం. బ్రష్ సంగతి చెప్పాను. ఆ తర్వాత వాళ్ళు మార్చిన సంగతి కూడా చెప్పాను.

నువ్వు ఆ ఫిట్స్ మాత్రల ఆయన ఇంటివాళ్ళకి ఫోన్ చెయ్యమ్మా, రేపటిదాకా ఆగకుండా. మీ నోటి నుంచి వింటే కోపం వస్తుంది, తగ్గుతుంది. రిపోర్ట్‌లో చదివితే తగ్గదు.

కొత్త_స్పాన్సర్:

వీసా గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తా. నాకూ ఇలాంటిదే జరిగింది, అక్కడ చేయనివాటికి సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు, రోటాలో గంటలు కోసేశారు. స్పాన్సర్ తీసేస్తే హోమ్ ఆఫీస్ లెటర్ వచ్చాక సాధారణంగా 60 రోజులు ఇస్తారు, ఆ అరవై రోజుల భయంతోనే మనవాళ్ళు ఎన్నో మింగేస్తారు. బయట దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తెచ్చుకోవడం 2025 జూలై 22 నుంచి ఆపేశారు కాబట్టి ఇక్కడే ఉన్న అనుభవం ఉన్నవాళ్ళ కోసం మంచి హోములు చూస్తున్నాయి, నాకు ఏడు వారాలు పట్టింది కానీ దొరికింది. ఊరికే దొరుకుతుందని చెప్పడం లేదు, ఆ ఏడు వారాలు నరకమే.

ఒకటి మాత్రం చెయ్యండి, ఓనర్ ఫోన్‌లో చెప్పింది మీరు మెయిల్‌లో పెట్టండి. గొడవ పడుతున్నట్టు వద్దు, మీరు ఫోన్‌లో పాత తేదీలకి సంతకాలు పెట్టించమన్నారు, పాలసీ ప్రకారం అలా చేయలేం, ఇన్సిడెంట్‌గా రిపోర్ట్ చేస్తున్నాను అని రెండు లైన్లు. అవసరమైతే సీక్యూసీకి విజిల్‌బ్లోయర్‌గా చెప్పొచ్చు, పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు, 1998 నాటి చట్టం కింద రక్షణ ఉంది, అది వీసా ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. చిన్న హోమ్‌లో పేరు చెప్పకపోయినా ఎవరో తెలిసిపోతుందనేది కూడా నిజమే.

ఐదుగదుల_ఇల్లు:

అందరికీ థాంక్స్, రాత్రి పన్నెండున్నర అయింది. బ్లిస్టర్ ప్యాక్ చూశా. రెండు గుంటలు పగిలున్నాయి. మూడోది, ఈ నెలలోనే ఒక మంగళవారం రాత్రిది, మాత్ర లోపలే ఉంది, రేకు వెనకాల గుండ్రంగా తగులుతోంది వేలికి. రెండు నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చున్నా. 111కి చేశా, తప్పిన డోస్ ఇప్పుడు ఇవ్వొద్దు, మామూలు డోసులు కంటిన్యూ చేయండి, గమనిస్తూ ఉండండి, పొద్దున జీపీకి చెప్పండి అన్నారు. సీజర్ చార్ట్‌లో దాని మర్నాడు బుధవారం ఏం లేదు దేవుడి దయ. ఆయన అక్కకి ఫోన్ చేశా ఈ టైమ్‌లోనే, లేపినందుకు తిట్టింది ముందు, తర్వాత చెప్పినందుకు థాంక్స్ అంది. ఓనర్‌కి మెయిల్ పెట్టా. రిప్లై లేదు.

ఐదుగదుల_ఇల్లు:

అప్‌డేట్. నిన్న అయిపోయింది, తొమ్మిదిన్నర నుంచి అయిదింటి దాకా ఉంది. అక్క చెప్పినట్టు మందుల సంగతి నేనే ముందు చెప్పా. ఆవిడ తల ఊపి రాసుకుంది, ఇన్సిడెంట్ ఫామ్ చదివింది, ఆ మంగళవారం ఎవరున్నారు, వాళ్ళ మెడికేషన్ కాంపిటెన్సీ ఎప్పుడు చూశారు, ముందు నెలల ఆడిట్లు ఎక్కడ అని అడిగింది. రెండు నెలలవి లేవు, లేవనే చెప్పా. రిక్రూట్‌మెంట్ ఫైళ్ళు రెండు తీసింది, ఒకరి ఉద్యోగాల్లో ఎనిమిది నెలల గ్యాప్‌కి కారణం రాసి లేదు, అది పట్టుకుంది. ఆ ఫైల్ నేను కనీసం తెరవలేదు.

అరిచే అతను అరవలేదు అసలు. ఫోటో ఉన్న పేజీ పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఆవిడ మొహం పక్కన పెట్టి చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు, లోపలికెళ్ళిపోయాడు. ఆవిడ సోఫాలో మాటలు రాని పెద్దాయన పక్కన నలభై నిమిషాలు ఊరికే కూర్చుంది, ఏం రాయలేదు కూడా, మా స్టాఫ్ ఎంతమంది అటు వెళ్తూ ఆయన్ని పలకరించారో లెక్కపెట్టిందని తర్వాత అర్థమైంది. నాకు భయం వేసిందల్లా మార్ షీట్ గురించి. నన్ను నిజంగా ఇరుకున పెట్టింది మాత్రం వంటగది తాళం.

మా దగ్గర ఒకామెకి ప్రేడర్ విల్లీ సిండ్రోమ్, ఆకలి తీరదు, కనపడింది తినేస్తుంది, ప్రమాదం కూడా, అందుకని వంటగదికి ఎప్పుడూ తాళమే, నేను చేరకముందు నుంచీ అంతే. ఆమెకి కెపాసిటీ అసెస్‌మెంట్ (తన నిర్ణయం తను తీసుకోగలదా అని చూసేది) ఉంది, బెస్ట్ ఇంట్రెస్ట్ మీటింగ్ రాసుంది, డోల్స్ (స్వేచ్ఛ మీద ఇలాంటి ఆంక్షలకి చట్టప్రకారం అనుమతి) ఉంది, అన్నీ ఉన్నాయి, గర్వంగా తీసి చూపించా. మరి మిగతా నలుగురికి అని అడిగింది. పన్నెండున్నరకి పెద్దాయన వెళ్ళి ఆ తలుపు పక్కన నిలబడ్డాడు, రోజూ నిలబడతాడు, మాకు అదొక గోడ గడియారం లాగా, ఆయన నిలబడితే లంచ్ టైమ్ అయినట్టు అని నవ్వుకుంటాం. ఆవిడ అదే చూసి ఆయన ఎంతసేపు నిలబడతాడు అంది. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళుగా చూస్తున్నా, ఆయన లంచ్ కోసం నిలబడుతున్నాడనుకున్నా కానీ తలుపు తీయమంటున్నాడని ఎప్పుడూ అనిపించలేదు.

రేటింగ్ ఇంకా తెలియదు. డ్రాఫ్ట్ రిపోర్ట్ వచ్చాక తప్పులేమైనా ఉంటే చెప్పడానికి 10 వర్కింగ్ డేస్ ఇస్తారంట. ఓనర్ నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు, మూడు వేరే హోములకి అప్లై చేశా, చూద్దాం.

ఇవాళ పొద్దున తిండి సామాన్ల బీరువాకి, ఫ్రిజ్‌కి మాత్రం తాళం పెట్టి వంటగది తలుపు తీసి ఉంచాం, కెటిల్ బయట పెట్టాం, మొదటి వారం ఒకళ్ళం అక్కడే ఉంటున్నాం. పెద్దాయన ఇప్పటికి నాలుగుసార్లు టీ పెట్టుకున్నాడు, మాకూ ఇచ్చాడు, ఒక్కో కప్పులో ఎంత పంచదారో చెప్పలేను. ఆ తాళం విషయంలో ఐదుగురికి విడివిడిగా రిస్క్ అసెస్‌మెంట్ రాయాలి ఇప్పుడు, ప్రేడర్ విల్లీ ఉన్న ఇంట్లో మిగతావాళ్ళకి తాళంచెవి ఇచ్చే పద్ధతి ఎవరైనా పెట్టి ఉంటే ఎలా రాశారో చెప్పండి, మెడలో వేసుకునేదా, ఫాబ్ లాంటిదా?

నాలుగు_ఇన్‌స్పెక్షన్లు:

ఫాబ్ పెట్టు చెల్లీ, మణికట్టుకి కట్టేది. మెడలో వద్దు, లాగితే ఉరి పడుతుంది. మాది రాసింది పేర్లు తీసేసి రాత్రికి మెసేజ్‌లో పంపుతా. నువ్వు కూడా ఆ ఆగిపోయిన ఆడిట్లు ఈ వారం నుంచి మొదలుపెట్టు, పాత తేదీలు వెయ్యకుండా.